దీపాలు పెట్టాక తోడు ఇవ్వరు

1

దేవుని కృప వల్ల ఈ పొద్దున కూడా పీల్చడానికి గాలి ఉంది. గాలి ఉన్నంతవరకు రాస్తాను.

నా పేరు జక్కరయ్య. ఎర్రలంకలో పడమటి వరుస, చివరి ఇల్లు. బడికి పోయినవాణ్ణి కాను. వాక్యమే నాకు అక్షరం నేర్పింది, వాక్యమే అరవడమూ నేర్పింది. ఆదివారం ప్రార్థన గదిలో నేను గొంతెత్తితే పైకప్పు అద్దాలు అదురుతాయని మా విశ్వాసులు గొప్పగా చెప్పుకుంటారు. ఇప్పుడా అద్దాలు నేను అరవకుండానే అదురుతున్నాయి. బయట దుమ్ము లేచింది.

ఇక్కడ సూర్యుడు మంచి రోజుల్లోనే రేగుపండంత. ఇప్పుడు అదీ లేదు. దీపాల గదిలో మెహరున్నీసా మీట వేసి పైదీపాలన్నీ వెలిగించేసింది. పగలూ రాత్రీ ఆర్పడం లేదు. మళ్ళలో మొక్కలు బతకాలి గనక.

నా పని మాత్రం మారలేదు. టీ పిప్పి, బీరకాయ చెక్కు, నా భార్య సలోమి దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు కుప్పతొట్టిలో వేసి, పైన ఎండు చొప్ప ముక్కలు పరిచాను. తడి మీద పొడి, పొడి మీద తడి. గాలి ఆడేలా కర్రతో అడుగు నుంచి తిరగేశాను. గుప్పెడు తీసి పిండి చూశాను. పిండేసిన గుడ్డలా చెమ్మగా ఉండాలి, నీరు కారకూడదు. తర్వాత చెయ్యి లోపలికి దూర్చాను. మోచేతి దాకా వెచ్చదనం!

బీదవాణ్ణి పెంటకుప్ప మీద నుంచి లేవనెత్తే దేవుడని భక్తులు పాడారు. మమ్మల్ని ఆయన ఆ కుప్పతోనే లేవనెత్తుతున్నాడు. తవ్వితే దొరికే మట్టి కాదు ఇక్కడిది. ఏ ఇంటి మట్టి ఆ ఇల్లు మాగబెట్టుకోవాల్సిందే. మా తాతలు గోదావరి లంకలు సముద్రంలో కలిసిపోయాక ఈ ఎర్ర లోకానికి వస్తూ, మూటల్లో కట్టి తెచ్చిన ఒండ్రుమట్టే అన్ని కుప్పలకూ తల్లి.

2

అక్షరాలు వంకరపోతే చదివేవారు క్షమించాలి.

పొద్దున కుప్ప మూత తీశాను. పైన సన్నటి ఎర్రపొర. నెత్తి మీదికి చూశాను. అద్దాల అతుకులోంచి దుమ్ము సన్నని దారంలా జారుతోంది, ఇసుక గడియారంలో జారినట్టు. శబ్దం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

బయటి దుమ్ము నిండా విషపు ఉప్పు. ఉప్పు సారం పోతే అది నేలకూ పనికిరాదు, ఎరువుకూ పనికిరాదు అని ప్రభువు అన్నాడు. సారం ఉన్న ఉప్పు ఎరువును ఏం చేస్తుందో ఇవాళ నా కళ్ళతో చూశాను. వానపాములు తొట్టి అంచుకు ఎగబాకి ముద్దగా చుట్టుకుని ఉన్నాయి. కదల్లేదు. చెయ్యి దూర్చాను. మోచేతి దాకా చల్లదనం.

సలోమి నా వెనకే నిలబడి ఉంది. "ఏవండీ, ఏవైంది?" అంది.

"ఏం కాలేదు," అన్నాను.

"మరి చెయ్యి బయటికి తియ్యరేం?"

తీయలేకపోయాను. తీస్తే నిజమైపోతుందని.

3

అతుకుకు బంక పూశాను. తొట్టి ఖాళీ చేసి మరిగే నీళ్ళతో కడిగాను. కొత్త తొక్కలు, కొత్త చొప్ప వేశాను. రెండు రోజులకు పుల్లటి వాసన వచ్చింది. కుళ్ళింది గాని మాగలేదు. కుళ్ళడం వేరు, మాగడం వేరు. మాగాలంటే బతికున్న కుప్పలోంచి గుప్పెడు తెచ్చి కలపాలి. పాలలో పెరుగు వేసినట్టే. అందుకే దాన్ని మా తాతలు తోడు అన్నారు.

ఇవాళ మధ్యాహ్నం మునసబు సన్యాసిరాజుగారు వచ్చారు. చేతిలో వేడిపుల్ల. దాన్ని కుప్పలో గుచ్చితే బతికున్న కుప్పకు పచ్చగా వెలుగుతుంది. మా కుప్పలో వెలగలేదు. పుల్ల పాడైందేమోనని ఆయనే మర్యాదకు అంగీ మీద తుడిచి మళ్ళీ గుచ్చారు.

"మీకు తెలీని రూలు కాదు గదండి, అయ్యగారూ," అన్నారు తల వంచుకుని. "కుప్ప సచ్చిపోతే మడి సచ్చిపోద్ది. పంట లేని ఇంటికి అన్నవూ గాలీ సాలవు. ఇంటికొకరు నిద్రకొట్టులో పడుకోవాలండి. వచ్చే సోమారం మళ్ళీ వస్తాను. ఆయేళకి యెచ్చబడిందా, సరే. లేదంటే..."

నిద్రకొట్టు ఎర్రలంక అడుగున ఉంది. మనుషుల్ని చల్లబరిచి, మంచి రోజులొచ్చేదాకా పడుకోబెడతారు. లేచేవాళ్ళు లేస్తారు. పోయినసారి దుమ్ముకు పడుకున్నవాళ్ళలో మా పక్కింటి నూకరత్నం మామ్మగారి కొడుకు లేవలేదు.

"నేను పడుకుంటాను," అన్నాను.

"మీరు పడుకుంటే ప్రార్థన ఎవరు చేయిస్తారు?" అంది సలోమి. "రాజుగారూ, నా పేరు రాసుకోండి."

ఆయన రాసుకున్నారు. ఆ అక్షరాలు రాస్తున్నంతసేపూ నా నోట ఒక్క మాట రాలేదు. ఆదివారాలు అద్దాలు అదరగొట్టే నోరు!

4

నూకరత్నం మామ్మగారి కుప్ప మొత్తం పడమటి వరుసకే పేరున్న కుప్ప. మూత తీస్తే వాన పడిన నేల వాసన. పైన ఆవిరి. గుడ్డుపెంకులు దంచి వేస్తుంది, కుప్పతో కబుర్లు చెబుతుంది. సత్తుగిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"మామ్మగారూ, గుప్పెడు తోడు కావాలండి."

ఆవిడ పైకి చూసింది, దీపాల వైపు. "ఏటండీ అయ్యగారూ, మీకు తెలీదా? దీపాలెట్టేక తోడియ్యకూడదండి. లచ్చిందేవి ఎల్లిపోద్ది."

"ఇప్పుడు మధ్యాహ్నం, మామ్మగారూ. గడియారం చూడండి."

"గడియారవేటి సెప్పుద్దండి! దీపం ఎలుగుతుందా లేదా?"

"వెలుగుతోంది. దుమ్ము వచ్చిన దగ్గర్నుంచీ ఆర్పలేదు. అలాగైతే దుమ్ము పోయేదాకా ఎవరూ ఎవరికీ తోడు ఇవ్వరా?"

"ఇయ్యరండి."

నాకు ఆవేశం వచ్చింది. జీవముగల దేవుడు ఒక్కడే ఉండగా గాజుబుడ్డి దీపానికి దడుస్తారా అని మొదలుపెట్టాను. ఆవిడ చివరిదాకా విన్నది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది.

"పోయినసారి దుమ్ములో ఇలాగే దీపాలెలుగుతుండగా ఒకమ్మాయి వచ్చి ఏడిస్తే తోడిచ్చేనండి. మా కుప్ప సల్లబడిపోయింది. మా వోడు కొట్టులోకి ఎల్లేడు. మరి రాలేదు." ముక్కు తుడుచుకుంది. "మీరు అరవండి, పర్లేదు. ఇయ్యను."

ఆవిడ మూత పెట్టేలోపు ఆ ఆవిరి నా మొహానికి తగిలింది. లాక్కోవాలని చెయ్యి ముందుకు పోయింది. నా చెయ్యే. దాన్ని వెనక్కి తీసుకుని ఇంటికొచ్చాను.

5

ఆదివారం. ఈ రోజు చేసినంత ప్రసంగం నేను ఎన్నడూ చేయలేదు. రేకుల డబ్బా మీద గుద్దాను, చెమటలు కక్కాను. నరుడు ఒంటరిగా ఉండడం మంచిది కాదన్న దేవుడు అతనికి ఏమిచ్చాడు? తోడు ఇచ్చాడు! కాలం చూసి ఇచ్చాడా? దీపం చూసి ఇచ్చాడా? అంజూరపు చెట్టు కాయకపోతే నరికేయమన్న యజమానికి తోటమాలి ఏం చెప్పాడు? అయ్యా, ఈ ఒక్క ఏడూ ఉండనియ్యి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానన్నాడు! ఎరువు, సోదరులారా, ఎరువు! మీ తొట్టిలో దాచుకున్న ఎరువు!

"ఆమెన్!" అని గది మారుమోగింది. అందరికంటే గట్టిగా అన్నది సంతోషమ్మ, మా సంఘంలో పాటలు ఎత్తుకునే ఆవిడ. వాళ్ళ కుప్ప బతికే ఉంది. ప్రార్థన అయ్యాక గిన్నె పట్టుకుని ఆవిడ వెంటే నడిచాను.

"సంతోషమ్మా, గుప్పెడు తోడమ్మా."

ఆవిడ చీరకొంగు నోట్లో కుక్కుకుంది. "అయ్యగారూ, ఏమనుకోకండి. దీపాలెలుగుతున్నాయి గదండి."

"ఇప్పుడే ఆమెన్ అన్నావు!"

"అన్నానండి. మళ్ళీ అంటాను కావాలంటే. ఆమెన్ వేరు, తోడు వేరండి."

ఖాళీ గిన్నెతో వెనక్కి తిరిగాను. దారి పొడవునా తలుపులు. కొన్ని నన్ను చూసి మూసుకున్నాయి, కొన్ని ముందే మూసి ఉన్నాయి. కొన్నింటి లోపల ఏడుపు. పడమటి వరుసలో ఇంకా కుప్పలు చల్లారుతున్నాయి. అందరి అతుకులూ కారుతున్నాయి. బతికున్న కుప్ప గలవాళ్ళు దాని మీద దుప్పటి కప్పి, దాని మీద తాము కూర్చుంటున్నారు. అలా మూసిపెట్టిన కుప్పకు గాలి ఆడదు. అవీ పులిసిపోతున్నాయి. ఇవ్వనివాడికీ దక్కడం లేదు.

ఈ లెక్కన ముందు మాగుడు పోతుంది, తర్వాత మట్టి, తర్వాత మేము. నాకు మా సలోమి ఒక్కతే కనబడుతోంది. తెల్లటి గుడ్డలో చుట్టి, చల్లటి అరలోకి నెడుతున్నట్టు.

6

"దీపాలు తీసేస్తే?" అంది సలోమి, పప్పు ఏరుతూ.

"ఏమిటి?"

"దీపాలు వెలుగుతుంటే ఇవ్వరు. మరి తీసేస్తే ఇస్తారు గదా."

నేను అన్నం కంచంతోనే లేచి నిలబడ్డాను. "మూఢనమ్మకానికి మొక్కమంటావా? నేను? ఏలీయా బయలు ప్రవక్తల ముందు మోకరించాడా?"

"కూర్చోండి, అన్నం కింద పడుద్ది. ఆ మామ్మగారి కొడుకు పోయాడండి. ఆవిడ భయం మీద మీరు ఎంత గట్టిగా అరిస్తే అంత గట్టిగా మూత పట్టుకుంటుంది. భయం అరిస్తే పోద్దా? నాకు భయంగా ఉంది. మీరు అరిచినప్పుడల్లా ఇంకా భయమేస్తోంది."

తనకు భయమని ఆమె మొదటిసారి అన్నది. పేరు రాసుకోమన్నప్పుడు కూడా అనలేదు. చేటలో ఆమె వేళ్ళు ఒకే పప్పుబద్దను మళ్ళీ మళ్ళీ ఏరుతున్నాయి.

భయపడకు, భయపడకు అని దేవదూతలు వచ్చిన ప్రతిసారీ ఎందుకు చెప్పాల్సి వచ్చింది? ఎదుటివాడు వణుకుతున్నాడు గనక. వణికినందుకు ఏ దూతా ఎవణ్ణీ కొట్టలేదు. బలహీనులకు బలహీనుడినయ్యానని అపొస్తలుడు రాసిన మాట ఎన్నిసార్లు బోధించానో! దాని అర్థం పప్పు ఏరే మనిషి చెబితే తెలిసింది.

7

దీపాల గది వేడిగా, తేనెటీగల గూడులా హోరుమంటూ ఉంది. మెహరున్నీసా నా మాట విని తల అడ్డంగా ఊపింది.

"ఆపడం నా చేతిలో పనే, పాస్టరుగారూ. మళ్ళీ వెలిగించడం మాత్రం నా చేతిలో లేదు. ఈ మీట మా నాయన కాలంది. దుమ్ము మొదలైన దగ్గర్నుంచీ కాలుతూనే ఉంది. చల్లారితే అతుక్కుపోవచ్చు. గాలిపంకాలు కూడా ఇదే తీగ మీద ఉన్నాయి."

"అంటే?"

"అంటే దీపాలు రాకపోతే పంకాలూ రావు. పంకాలు రాకపోతే మీరు నాకు దువా చెయ్యక్కర్లేదు, అందరం ఒకేసారి వెళ్ళి ఆ పైవాణ్ణే అడుగుదాం."

ఒక్క ఇంటి కోసం లంకనంతా పణం పెట్టమంటున్నానా? ఆ మాటే అన్నాను, దాచలేదు.

ఆమె గోడకున్న పటం చూపించింది. మళ్ళ పటం. పచ్చగా ఉండాల్సిన గళ్ళు చాలా నల్లబడ్డాయి. "మీ ఒక్క ఇల్లు కాదు. చచ్చిన మళ్ళ మీద దీపం వెలిగిస్తూ కూర్చున్నాను నేను. ఎందుకు వెలిగిస్తున్నానో నాకే తెలీడం లేదు." చేతులు తుడుచుకుంది. "రేపు గడియారం పన్నెండు కొట్టగానే తీస్తాను. కాసేపే. పంకాలు ఆగితే పిల్లలకి తల తిరుగుద్ది, అందరికీ ముందే చెప్పండి. గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లో ఉండమనండి."

రేపే సోమవారం.

8

పన్నెండు కొట్టింది. దీపాలు పోయాయి.

ముందు చీకటి కాదు, నిశ్శబ్దం వచ్చింది. పంకాల హోరు ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి వింటున్న హోరు. ఎవరో పసివాడు కెవ్వుమన్నాడు. సంతోషమ్మ పాట ఎత్తుకుంది, సగంలో గొంతు పోయింది. నేను సలోమి చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి చల్లగా ఉంది. దేవా, దేవా, దేవా. అంతకుమించి ప్రార్థన రాలేదు.

ఎవరూ కదల్లేదు. దీపాలు ఆరినా ఎవరూ కదల్లేదు! భయంలో కూరుకుపోయి నిలబడ్డారు.

అప్పుడు కళ్ళు అలవాటుపడ్డాయి. పైన అద్దాలు నల్లగా లేవు. బెల్లం నీళ్ళ రంగులో ఉన్నాయి. చాలా పలచటి వెలుతురు దుమ్ములోంచి దిగుతోంది. నా ఎదుట నూకరత్నం మామ్మగారి మొహం ఆ రంగులో కనిపించింది. ఆవిడ పైకి చూస్తోంది, నోరు తెరుచుకుని.

"ఓర్నాయనో," అంది. "పగలండి ఇది!"

దీపాల కాంతికి ఇన్నాళ్ళూ మాకు కనబడలేదు. బయట పగలు వస్తూ పోతూనే ఉంది.

"పగలే, మామ్మగారూ," అన్నాను. అరవలేదు.

ఆవిడ వంగి తొట్టి మూత తీసింది. ఆ సద్దు వరుసంతా వినబడింది. తర్వాత ఇంకో మూత. ఇంకోటి. బెల్లపు వెలుతురులో మనుషులు గుమ్మాలు దాటారు. గిన్నెలు గిన్నెలకు తగిలాయి. "ఇదిగో వదినా", "చాలు చాలు, నీకు ఉంచుకో", "దుప్పటి తీసెయ్యవే, గాలాడాలి". గాలి బరువెక్కుతోంది, తల తిరుగుతోంది, అయినా మట్టి వాసన! మామ్మగారు నా గిన్నెలో రెండు చేతులతో పోసింది. ఒక వానపాము నా మణికట్టు మీద పాకింది.

"మీ ఆవిణ్ణి కొట్టులోకి పంపకండి," అంది చెవిలో.

దీపాలు రాలేదు. మెహరున్నీసా మీట కొడుతున్న శబ్దం గోడల్లోంచి వినబడింది. కొట్టింది. మళ్ళీ కొట్టింది. జనం గిన్నెలు గుండెలకు హత్తుకుని నేల మీద కూర్చున్నారు, కింద గాలి ఎక్కువ ఉంటుందని ఎవరో అన్నందుకు. నేను సలోమి ఒడిలో గిన్నె పెట్టి, దాని మీద మా నాలుగు చేతులూ పెట్టాను. ఇదే ఆఖరైతే మన్నుతో ఉన్నాం, మన్నయిపోతాం అనుకున్నాను. ఆ తలంపు నన్ను ఓదార్చలేదు. భయపెట్టింది. బతకాలని ఉంది.

హోరు మొదలైంది. దగ్గుతూ, ఆగుతూ, మొదలైంది. దీపాలు ఒక్కొక్కటే వచ్చాయి. మా వరుస చివరి దీపాలు మాత్రం రాలేదు. ఇక రావట.

9

తోడు కలిపి తొట్టి సర్దాను. తడి, పొడి, మధ్యలో మామ్మగారి మట్టి. మునసబు పొద్దువాలాక వస్తానని కబురు చేశారు. ఈ కాస్త వ్యవధిలో వెచ్చబడుతుందా?

ఎడమ చెయ్యి కుప్పలో పెట్టి కుడిచేత్తో రాస్తున్నాను. లోపల వెచ్చగా ఉన్నట్టే ఉంది. అది కుప్ప వేడా, నా చేతి వేడా? చెయ్యి తీసి కాసేపు చల్లటి గోడకు ఆనించి మళ్ళీ పెట్టాను. తెలియడం లేదు.

"ఇటు జరగండి," అంది సలోమి. తన చెయ్యి దూర్చింది. కళ్ళు మూసుకుంది. చెయ్యి తీయలేదు.

10

సన్యాసిరాజుగారు వచ్చారు. వేడిపుల్ల గుచ్చారు. నేను చూడలేదు, సలోమి మొహం చూశాను. ఆమె మొహం మీద పచ్చటి వెలుగు పడింది. సన్నగా, వణుకుతూ, కాని పచ్చగా.

"నిలబడిందండి," అన్నారాయన. సలోమి పేరు కొట్టేశారు. "పల్చగానే ఉంది. జాగర్తగా సూసుకోండి. వచ్చేవారం మళ్ళీ సూడాలి."

సలోమి గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది.

ఆయన వెళ్ళలేదు. తలుపు మూశారు. దూరంగా వెలుగుతున్న వీధి దీపాల వెలుగు తలుపు సందుల్లోంచి గీతలు గీతలుగా లోపలికి పడుతోంది. అంగీ జేబులోంచి చిన్న గిన్నె తీశారు.

"మా కుప్ప పోయిందండి," అన్నారు. "మునసబు కుప్పే సల్లారిందంటే జనం గుండె ఆగిపోద్దని ఎవరికీ సెప్పలేదు. ఇందాక అందరూ పంచుకుంటున్నప్పుడు కూడా సిగ్గేసి అడగలేదండి. మా అమ్మ తన పేరు రాయమంటంది." గిన్నె నా వైపు చాపారు. "దీపాలెలుగుతున్నాయి. తెలుసండి. అయినా అడుగుతన్నాను."

కుప్ప ఇప్పుడే పట్టుకుంది. గిన్నెడు తీస్తే చల్లారిపోవచ్చు. చల్లారితే వచ్చే సోమవారం సలోమి పేరు మళ్ళీ రాయాలి, రాసేది ఈయనే.

"దీపాలు పెట్టాక..." అంది నా నోరు.

ఆ మాట గదిలో నిలబడిపోయింది. సలోమి తలెత్తి నన్ను చూసింది. రాజుగారు గిన్నె వెనక్కి తీసుకోబోయారు.

వాక్యం కోసం వెతికాను. ఒక్కటీ రాలేదు. అరుపూ రాలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి దూర్చాను. లోపల వెచ్చగా ఉంది. ఇవ్వబుద్ధి కాలేదు.

గిన్నె నిండా ఇచ్చాను.